అంతర్వేది నుంచి కరవాక దాకా ఒక కాలిబాట

సంపాదకులకు,

ఆర్యా,

కోనసీమ తీరంలో పర్యాటకాన్ని పెంచడం గురించిన వార్తలు మీ జిల్లా పేజీల్లో తరచుగా చదువుతున్నాను. వాటిలో రిసార్టులు, బీచ్ రోడ్లు, పడవ షికార్ల ప్రస్తావన ఉంటోంది గానీ, సముద్రం పక్కన ఒక మనిషి తన కాళ్లతో తాను నడిచి వెళ్లడానికి దారి ఉండాలన్న మాట మాత్రం ఇంతవరకు నా కంట పడలేదు. ఆ మాట చెప్పడానికే ఈ ఉత్తరం. నేను రాజోలు దగ్గరి ఒక పల్లెలో పుట్టి పెరిగి, వేల్స్‌లోని స్వాన్సీ నగరంలో ఏడాదిపాటు ఎం.ఎస్సీ. చదివి వచ్చాను. అక్కడి నుంచి బయల్దేరే ముందు ఒక్కదాన్నే ఒక రోజంతా సముద్రం వెంట నడిచాను. ఇంటికి వచ్చాక మన తీరంలో అలాగే నడవబోయి సగంలో ఆగిపోయాను. ఆ రెండు నడకల మధ్య తేడా అప్పటి నుంచి నన్ను వదలడం లేదు.

సెప్టెంబరు చివర థీసిస్ అప్పగించాను. విమానానికి ఇంకా తొమ్మిది రోజులు ఉంది. తోటి తెలుగు విద్యార్థులు ఉద్యోగాల వేటలో ఉన్నారు, నాతో వచ్చే తీరిక ఎవరికీ లేదు. సరేనని ఒక ఉదయం ఒక్కదాన్నే బస్సెక్కి గావర్ ద్వీపకల్పంలోని పోర్ట్ ఐనన్ అనే ఊళ్లో దిగాను. విశేషమైన ప్రకృతి సౌందర్యం గల ప్రాంతంగా 1956లో బ్రిటన్ మొట్టమొదట రక్షణ కల్పించిన నేల అది. అక్కడి నుంచి రొసిలీ అనే ఊరికి సున్నపురాతి కొండకొమ్ముల మీదుగా సుమారు 11 కిలోమీటర్ల కాలిబాట ఉంది. ఎడమ చేతి వైపు ఎంతో లోతున సముద్రం, కుడి చేతి వైపు గొర్రెలు మేసే పొలాలు. ఆ పొలాల్లో సొంత ఆస్తులూ ఉన్నాయి. అయినా బాట వాటి అంచునే సాగిపోతుంది, కంచె అడ్డొచ్చిన ప్రతిచోటా మనిషి పట్టి గొర్రె పట్టని ఒక ఇరుకు గేటు ఉంటుంది. దాన్ని ముందుకు తోసి, ఒక అడుగు లోపలికి వేసి, మళ్లీ వెనక్కి తోస్తేనే అవతలికి వెళ్లగలం. రైతు గొర్రె తప్పిపోదు, బాటసారికి దారి ఆగదు. ఆ గేటు చెక్క ఎన్నో చేతులు తగిలి నున్నగా అయిపోయి ఉండడం చూసి, నేను కాసేపు దాని మీద చెయ్యి ఉంచి నిలబడ్డాను.

మొదటి గంట భయపడ్డానని దాచకుండా చెబుతాను. ఒంటరిగా ఏటిగట్టు మీదకు వెళ్లొద్దని వింటూ పెరిగిన ఆడపిల్లను. వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూడడం అలవాటు. రెండో గంటకు ఆ అలవాటు నా ప్రమేయం లేకుండానే జారిపోయింది. ఎదురొచ్చినవాళ్లు ఒక మాట పలకరించి తమ దారిన తాము వెళ్లారు. ఎక్కడికి, ఎందుకు, వెంట ఎవరున్నారు అని ఒక్కరూ అడగలేదు. దారి తప్పకుండా గుంజల మీద గుర్తులున్నాయి. ఆ ధైర్యం నాలో కొత్తగా పుట్టిందని నేను అనుకోను. బాట ఇచ్చిన ధైర్యం అది.

రొసిలీ దగ్గర కొండ కొసన వర్మ్స్ హెడ్ అనే దీవి ఉంది. ఆటు సమయంలో నీళ్లు తీసినప్పుడు మాత్రమే రాళ్ల మీదుగా దానికి నడిచి వెళ్లవచ్చు. ఆటు పూర్తయ్యే ఘడియకు ముందు రెండున్నర గంటలు, తర్వాత రెండున్నర గంటలు, అంతే గడువు. ఆ బ్రిస్టల్ ఛానెల్‌లో ఆటుపోట్ల మధ్య తేడా ప్రపంచంలోనే చాలా ఎక్కువైన వాటిలో ఒకటి కాబట్టి, ఆ లెక్క తప్పినవాళ్లు దీవి మీదే చిక్కుకుపోతారు. ఆ రోజు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా దాటవచ్చో ఒడ్డునే బోర్డు మీద రాసి ఉంచారు. పక్కనే ఉన్న పాత తీరరక్షక గదిలో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు దుర్భిణితో చూస్తూ కూర్చుంటారు. నేను చేరేసరికి గడువు ముప్పావు గంటే మిగిలింది. అక్కడి పెద్దావిడ ఈ రోజుకు వద్దమ్మా అన్నట్లుగా తల ఊపింది. గడ్డి మీద కూర్చుని, నేను దాటాలనుకున్న దారి మునిగిపోవడం చూశాను. అల వచ్చి ముంచేస్తుందని అనుకున్నాను గానీ అలా జరగలేదు. రాళ్ల సందుల్లోని చిన్న గుంటలు ముందుగా వణికాయి, తర్వాత ఒక గుంట నుంచి ఇంకో గుంటకు సన్నని దారంలా నీరు పాకింది, చివరకు అటు నుంచి వచ్చిన నీరు, ఇటు నుంచి వచ్చిన నీరు మధ్యలో కలుసుకున్నాయి. అప్పుడు మా అమ్మమ్మ గుర్తుకొచ్చింది. ఏ తిథికి పోటు ఎంత వస్తుందో, అమావాస్యకూ పౌర్ణమికీ ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్లు ఎంత ఎగదన్నుతాయో, రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున పోటు వేళ ఎలా ఆలస్యమవుతుందో ఆవిడ వేళ్ల మీద లెక్కగట్టేది. వేల్స్ వాళ్లు బోర్డు మీద రాసిపెట్టిన ఆ జ్ఞానం మనకు కొత్తది కాదు.

అక్కడి బాట కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. పెంబ్రోక్‌షైర్ తీరంలో 1970లో మొదలైన బాటకు, ఊళ్ల మధ్య ఉన్న పాత కాలిదారులకు, కొత్తగా వేసిన ముక్కలకు ముడి వేసి, 2012 మే నెలలో వేల్స్ తీరం పొడవునా సుమారు 1,400 కిలోమీటర్ల బాటను ప్రజలకు ఇచ్చారు. ఇంగ్లండ్ నైరుతి మూలన ఉన్న 1,014 కిలోమీటర్ల బాటలో చాలా భాగం, దొంగసరుకును పట్టుకోవడానికి ఒకప్పటి తీరరక్షకులు గస్తీ తిరిగిన దారే. పాత దారికి గుర్తు పెట్టడం, అడ్డొచ్చినచోట గేటు పెట్టడం, దాన్ని మూయకుండా చట్టం చూసుకోవడం, వాళ్లు చేసిన పనిలో ఎక్కువ భాగం ఇదే.

మనకూ పాత దారి ఉంది. గోదావరి ఏడు పాయలుగా సముద్రంలో కలుస్తుందని, ఆ ఏడు సంగమాల్లోనూ స్నానం చేయాలని మన పెద్దలు సప్తసాగర యాత్రను ఏర్పరిచారు. పుష్య బహుళ అమావాస్యనాడు, మనం చొల్లంగి అమావాస్య అనే రోజున, కాకినాడ దగ్గరి చొల్లంగిలో తుల్యభాగ సంగమ స్నానంతో ఆ యాత్ర మొదలై, మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేదిలో వసిష్ఠ సంగమం దగ్గర, లక్ష్మీనరసింహస్వామి కల్యాణం వేళకు ముగుస్తుంది. పెళ్లయిన కొత్తలో మా అమ్మమ్మ అత్తగారి వెంట ఆ యాత్ర చేసింది. పాయ అడ్డొచ్చినచోట నావ, మిగతాచోట నడక. సరుగుడు తోటల నీడన మూడు రాళ్ల పొయ్యి మీద వండుకోవడం, రాత్రికి పల్లెకారుల ఇళ్ల అరుగుల మీద పడుకోవడం, ఆ కథలు నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇప్పుడు ఆ యాత్ర చేసేవాళ్లు ఎక్కువగా కార్లలో, ఆటోల్లో ఒక్కో రేవుకు వెళ్లి మునక వేసి వస్తున్నారు. అందులో తప్పేమీ లేదు, పెద్దవాళ్లు మరెలా వెళ్లగలరు? కానీ నడిచేవాళ్లు లేకపోయేసరికి నడిచే దారి కూడా ఎవరికీ చెందనిదైపోయింది. ఎవరికీ చెందని దాన్ని ఎవరో ఒకరు కలిపేసుకుంటారు.

సంక్రాంతి వెళ్లాక నేను అంతర్వేది అన్నాచెల్లెళ్ల గట్టు నుంచి కరవాక వైపు నడుద్దామని బయల్దేరాను. నాన్న ఒప్పుకోలేదు. చివరకు తమ్ముడు కరవాకలో బండి పెట్టుకుని ఎదురుచూసేటట్లు, నేను గంటకోసారి ఫోన్ చేసేటట్లు ఒప్పందమైంది. తెల్లవారుజామున ఒడ్డున అలివి వల లాగుతున్నారు. తాడు పట్టుకున్న ఒక పెద్దాయన నన్ను చూసి, "ఎవరమ్మాయివమ్మా, ఒక్కదానివీ ఎక్కడికెళ్తున్నావు?" అని అడిగారు. చెప్పాను. "ఆయ్, మా అమ్మా ఇటే నడిచిందంట. ముందర మురుక్కాలవ పడే చోటుంటది, పోటెక్కకముందే దాటెయ్యమ్మా, తర్వాత మొలబంటి వస్తది" అన్నారు. వర్మ్స్ హెడ్ దగ్గరి బోర్డు నాకు చెప్పింది సరిగ్గా ఇదే. ఆయన లేచి వల లాగే వేళకు నేను అటు వెళ్లాను కాబట్టి తెలిసింది, లేకపోతే తెలిసేది కాదు.

కాలవ దాటాను గానీ, కొన్ని కిలోమీటర్ల తర్వాత ఒక రొయ్యల చెరువు కంచె అలలు తాకే తడి ఇసుక దాకా దిగి ఉంది. ముళ్లతీగ, రెండు కుక్కలు, కాపలా మనిషి. అతను మర్యాదగానే మాట్లాడాడు. "ఓనర్ గారు ఒప్పుకోరమ్మా, చుట్టూ తిరిగి రోడ్డెక్కండి" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. తమ్ముడికి ఫోన్ చేసి తోటల్లోంచి రోడ్డు మీదకు వచ్చాను. వస్తూ వస్తూ శంకరగుప్తం డ్రెయిన్ వైపు తలలు విరిగి మోడులైన కొబ్బరి చెట్లను దగ్గర నుంచి చూశాను. డ్రెయిన్ గుండా సముద్రపు ఉప్పునీరు లోపలికి ఎగదన్ని వేర్లను కాల్చేయడం వల్ల వచ్చిన చావు అది. అంతకుముందు కారు అద్దంలోంచి ఆ చెట్లను నేను పదిసార్లైనా చూసి ఉంటాను. ఒక చెట్టు మొదట్లో నిలబడి, అరచేయంత తెల్లటి ఉప్పు పొరను వేలితో గీకి చూసింది మాత్రం అదే మొదటిసారి. తీరం కోతకు గురవుతోందని, సరుగుడు వేళ్లు గాలిలో తేలుతున్నాయని, 1996 నవంబరు 6 నాటి తుపాను గురించి అమ్మ చెప్పినదంతా నిజంగా ఇక్కడే జరిగిందని కాలినడకన వెళ్లేవాళ్లకు తెలిసినట్లు వేరెవరికీ తెలియదని నాకు ఆ రోజు అనిపించింది.

పోటు గీత నుంచి నేల వైపు 500 మీటర్ల వరకు తీరాన్ని నియంత్రణ మండలంగా కేంద్ర ప్రభుత్వం 1991లోనే ప్రకటించింది. 2011లోనూ 2019లోనూ ఆ నోటిఫికేషన్‌ను తిరగరాశారు గానీ, తడి ఇసుక మీదకు కంచె దించుకోవచ్చని ఏ ప్రకటనా చెప్పలేదు. కాబట్టి కొత్త చట్టం కోసం ఎదురుచూడనవసరం లేదు. జిల్లా యంత్రాంగం మొదటగా అంతర్వేది నుంచి కరవాక వరకు ఒక్క ముక్కను సర్వే చేయించి, కంచెలు వెనక్కి జరిపించి, తాటి దుంగలు పాతి వాటి మీద సున్నంతో గుర్తు వేయిస్తే చాలు. సిమెంటు వద్దు, దీపాలు అసలే వద్దు. శీతకాలం నుంచి వేసవి మొదటి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఈ ఇసుకలో గుడ్లు పెడతాయి, వెలుతురు వాటి పిల్లలను దారి తప్పిస్తుంది. ఆ నెలల్లో చీకటి పడ్డాక బాటను మూసివేయాలి. మొగల దగ్గర ఆ రోజు ఆటుపోట్ల వేళలు రాసే బోర్డులు పెట్టి, ఆ పని మత్స్యకార సంఘాలకే అప్పగించి, దానికి జీతం ఇవ్వాలి. కరవాక నుంచి ఓడలరేవుకు గోదావరి పాయ అయిన వైనతేయ దాటాలంటే రోడ్డు మీద ఎగువన బోడసకుర్రు వారధి దాకా వెళ్లి తిరిగి దిగువకు రావాలి. అక్కడ లైఫ్ జాకెట్లతో, నిర్ణీత వేళల్లో నావ నడిపితే బాట రెండో ముక్క దానంతట అదే మొదలవుతుంది. తుపాను షెల్టర్లను మిగతా రోజుల్లో బాటసారులకు విశ్రాంతి గదులుగా, ముఖ్యంగా ఆడవాళ్లకు మరుగుదొడ్లుగా వాడుకోనివ్వాలి. ఇది చిన్న విషయం కాదు. మరుగుదొడ్డి లేని దారిలో ఆడవాళ్లు ఎంత దూరం నడవగలరు?

గోదావరి గౌతమి పాయ వైపు కోరంగి మడ అడవుల్లో ఇలాంటి బాట కుదరదని నాకు తెలుసు. 235 చదరపు కిలోమీటర్ల ఆ అభయారణ్యంలో నేల కన్నా బురదే ఎక్కువ, అక్కడ పడవలే దిక్కు. అయినా అక్కడ మడ చెట్ల మధ్య వేసిన చెక్క వంతెన మీద నడవడానికి సెలవు రోజుల్లో కుటుంబాలు ఎంత ఇష్టంగా వస్తాయో చూస్తే, మనవాళ్లకు నడక మీద ఆసక్తి లేదన్న మాట నేను ఒప్పుకోలేను.

ఒక్క విషయంలో జాగ్రత్త తప్పదు. బాట పేరు చెప్పి వలలు ఆరబెట్టుకునే చోటు నుంచి, పడవలు లాగే చోటు నుంచి మత్స్యకారులను జరపడానికి వీల్లేదు. ప్రతి ఊళ్లోనూ గ్రామసభ ఒప్పుకున్నాకే గుంజ పాతాలి, వాళ్లు వద్దన్నచోట బాటే పక్కకు తిరగాలి.

వచ్చే చొల్లంగి అమావాస్యకు అమ్మ, పిన్ని, మా వీధిలో ఇద్దరు స్నేహితురాళ్లు, నేను అంతర్వేది నుంచి కరవాక దాకా నడవాలనుకుంటున్నాం. అమ్మమ్మ ఇప్పుడు లేదు కాబట్టి పోటు లెక్క ఆ వల లాగే పెద్దాయననే అడుగుతాం. ఆ లోగా ఆ చెరువు కంచెలో మనిషి పట్టేంత ఇరుకు గేటు ఒకటి పెట్టించమని జిల్లా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజోలు, కోనసీమ జిల్లా