ఆ అంకెల్ని ఎలా చదవాలో కూడా అచ్చువేయండి

సంపాదకులు గారికి,

ఫిబ్రవరి 22 వచ్చిందంటే "జపాన్‌లో నేడు పిల్లుల దినం" అనీ, నవంబరు 29న "మంచి మాంసం దినం" అనీ పత్రికల్లో ఓ మూల చిన్న బాక్సు కనబడుతుంది. శీర్షికలో 'వింత' అనో 'విడ్డూరం' అనో ఉండి తీరుతుంది. ఆ రోజే ఎందుకన్నది మాత్రం ఉండదు. పొడుపుకథ వేసి, విప్పకుండా వెళ్లిపోయినట్టు ఉంటుంది. విప్పడానికి రెండు వాక్యాలు చాలు. జపనీస్ బోధించేవాళ్లంగా అదెలాగో చెప్పాలని ఈ ఉత్తరం.

ఈ మాటల ఆటను జపనీస్‌లో గొరొఅవసె అంటారు. దీనికి మూలం ఆ భాషలోని అంకెల పేర్లే. ఒక్కో అంకెకు ఒక దేశీయమైన పేరు, చైనా నుంచి వచ్చిన ఇంకో పేరు ఉన్నాయి. వాటి మీద ఇంగ్లిష్ పేరు కూడా చేరింది. 1 హితొ, ఇచి, వన్. 2 ఫుత, ని, త్సు. 3 మి లేదా సన్. 4 యొ లేదా షి. 5 గొ లేదా కొ. 6 ము లేదా రొకు. 7 నన, 8 య లేదా హచి, 9 క్యూ లేదా కు, 10 తో లేదా జూ. సున్నా గుండ్రంగా ఉంటుంది కాబట్టి 'మరు' (గుండ్రం) అనీ, ఇంగ్లిష్ అక్షరంలా ఉంటుందని 'ఒ' అనీ చదువుతారు. ఆపైన తోక కత్తిరించే స్వేచ్ఛ ఉంది. ఇచి 'ఇ' అవుతుంది, రొకు 'రొ' అవుతుంది, హచి 'హ' అవుతుంది. ఆ 'హ' అవసరాన్నిబట్టి 'బ'గానో 'ప'గానో మారుతుంది. తెలుగులోనూ రెండు, మూడు పక్కన ఇరు, ము, ద్వి, త్రి ఉన్నాయి గానీ, సమాసంలో తప్ప అవి విడిగా నిలబడవు. అందుకే మనకు ఈ ఆట అంత సులువుగా రాదు.

సంగీతం తెలిసిన పాఠకులకు వెంటనే కటపయాది, అంటే అక్షరాలకు అంకెలు కేటాయించే పద్ధతి, గుర్తొస్తుంది. మాయామాళవగౌళలో మ అంటే 5, య అంటే 1, తిరగేస్తే 15వ మేళకర్త (జనక రాగం). అక్కడ సూత్రం కచ్చితం, ఒక మాటకు ఒకే సంఖ్య. గొరొఅవసెలో నడక తలకిందులు. సంఖ్య నుంచి మాటకు వెళ్తారు, దారి ఒకటే ఉండాలన్న నియమం లేదు. ఫిబ్రవరి 22నే చూడండి. మూడు రెండ్లు. ని-ని-ని అన్నదాన్ని కాస్త సాగదీసి న్యన్-న్యన్-న్యన్ అంటే జపాన్ పిల్లి అరుపు. 1987 నుంచి అది పిల్లుల దినం. అదే నిన్-నిన్-నిన్ అంటే నింజా దినం. ఫూ-ఫూ-ఫూ అంటే వేడివేడి ఒదెన్ పులుసు ముక్కను ఊదుకోవడం, కనక ఒదెన్ దినం. మూడూ సరైనవే, మూడూ ఆ రోజే. కుక్కలది నవంబరు 1. నెలలో రెండు ఒకట్లు, తేదీలో ఒకటి, కలిపితే వన్-వన్-వన్. జపాన్ కుక్క అలాగే మొరుగుతుంది.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది వరుస దగ్గర. జపాన్‌లో నెల ముందు, తేదీ తర్వాత. మనం తేదీ ముందు రాస్తాం. ఆగస్టు 3 అక్కడ 8/3, హచి-మిత్సు, అంటే తేనె. మార్చి 8 అక్కడ 3/8, మిత్సు-బచి, అంటే తేనెటీగ. మన అలవాటు ప్రకారం ఆగస్టు 3ని 3-8 అని రాసి విప్పబోతే తేనె దినం కాస్తా తేనెటీగల దినమై కూర్చుంటుంది. విప్పేవారు ముందు నెల అంకెలు రాసుకుని, పక్కన తేదీ అంకెలు పెట్టుకుని, అప్పుడు ఉచ్చారణలు వెతకాలి. దీర్ఘాలు సరిగ్గా కుదరకపోయినా దిగులు పడక్కర్లేదు. 11/22 అక్షరాలా ఇ-ఇ-ఫు-ఫు. దాన్ని 'ఈ (మంచి) ఫూఫు'గా, మంచి దంపతులుగా వింటారు. ఆ రోజు పెళ్లి రిజిస్టర్ చేయించుకునే జంటలు ఎక్కువ. మొదట చెప్పిన 11/29 ఇ-ఇ-ని-కు, 'నికు' అంటే మాంసం, కనక మంచి మాంసం. 7/10 నన-తో కాదు, నత్తో, పులియబెట్టిన సోయా గింజలు. నత్తో అంతగా తినని కన్‌సాయి ప్రాంతంలో అమ్మకాలు పెంచుకోవడానికి అక్కడి తయారీదారులు 1981లో మొదలుపెట్టిన దినం అది. 1992లో దేశమంతటికీ వర్తించేలా చేశారు.

అన్నిటికన్నా ఎక్కువగా ఈ ఆట ఆడింది పళ్ల డాక్టర్లనిపిస్తుంది. 6/4 ముషి, అంటే పురుగు. పుచ్చిన పన్నును జపనీస్‌లో 'ముషిబ' అంటారు, అక్షరాలా పురుగు పన్ను. పన్నుకు పురుగు పట్టిందని మనమూ అంటాం కదా! 1928లోనే జపాన్ దంతవైద్యుల సంఘం జూన్ 4ను పిప్పిపళ్ల నివారణకు కేటాయించింది. తర్వాత 4/18 యొ-ఇ-హ వచ్చింది, మంచి పన్ను. 11/8 ఇ-ఇ-హ, అదీ మంచి పన్నే. ఇక్కడ 4 ఒకచోట షి, ఇంకోచోట యొ. 'షి' అంటే చావు కూడా కాబట్టి శుభం చెప్పాల్సిన చోట 'యొ' వైపే మొగ్గుతారు. 9కి 'కు' అన్న ఉచ్చారణ బాధకు గుర్తు. సెప్టెంబరు 9ని మాత్రం క్యూ-క్యూగా చదివి 1982లో అత్యవసర వైద్య దినం చేశారు. క్యూక్యూ అంటే అత్యవసర చికిత్స. ఐచి రాష్ట్రంలోని తొయొహషి నగరం 1975లో 530 ఉద్యమం మొదలుపెట్టింది. గొ-మి-జెరొ, చెత్త సున్నా. మే 30 దాని దినం.

కొన్నిటిని చెవితో విప్పలేం, కంటితో చూడాలి. 11/11లోని 11ని చైనా అంకెల్లో 十一 అని రాస్తే మొదటిది ప్లస్, రెండోది మైనస్. అందుకే అది బ్యాటరీల దినం. సన్నటి బిస్కెట్ పుల్లలు నాలుగు నిలబెట్టినట్టు ఉంటుందని అదే రోజు పోకీ దినం. గ్లికో కంపెనీ దాన్ని మొదలుపెట్టిన 1999, అప్పటి చక్రవర్తి పాలనతో లెక్కించే హెయిసెయి శకంలో 11వ ఏడు, అంటే 11-11-11. శకం లెక్క తెలియకపోతే ఆ సంవత్సరమే ఎందుకో బోధపడదు. ఆగస్టు 8ని 八 ఆకారాన్నిబట్టి మీసాల దినం అంటారు. అదే 8/8ని పచి-పచిగా వింటే పూసల చట్రం మీద లెక్క కట్టే చప్పుడు, సొరొబన్ దినం. అక్టోబరు 10లో 10, 10లను అడ్డంగా తిప్పితే కనుబొమ్మలూ కళ్లూ, కనక అది కళ్ల సంరక్షణ దినం. అదే 1010ని సెన్ (వెయ్యి), తో (పది) అని చదివితే సెన్‌తో, ఊరుమ్మడి స్నానశాల. మాకు మరీ ముచ్చటైనది షార్ట్‌కేక్ దినం. ప్రతి నెలా 22నే. క్యాలెండరులో 22 మీద ఎప్పుడూ 15 ఉంటుంది, 15 అంటే ఇచి-గొ, స్ట్రాబెరీ. కేకు మీద స్ట్రాబెరీ కూర్చున్నట్టన్నమాట. వారాలు నిలువుగా అచ్చయ్యే క్యాలెండర్లలో 15 పైన కాక పక్కన పడుతుంది, అక్కడ ఈ చమత్కారం పారదు.

ఈ ఆట దినాలతో ఆగదు. క్యోతో రాజధాని అయిన 794ని బడిపిల్లలు న-కు-యొ, 'కూస్తోంది ఉగుయిసు పిట్ట' అని గుర్తుపెట్టుకుంటారు. కామకుర ప్రభుత్వం 1192లో ఏర్పడిందని 'ఈ కుని' (మంచి దేశం) అన్న మాటతో తరాలు నేర్చుకున్నాయి. తర్వాత చరిత్రకారులు 1185 వైపు మొగ్గారు. పాఠ్యపుస్తకాలు మారాయి, కొత్త తేదీకి 'ఈ హకొ' (మంచి పెట్టె) వచ్చింది. అర్థంలో పస తగ్గినా అంకెలు కుదిరాయి.

ఇంకో సవరణ. వీటిని 'జపాన్ ప్రభుత్వం ప్రకటించిన దినాలు' అని రాయకండి. చట్టప్రకారం ఉండే జాతీయ సెలవులు ఏడాదికి 16, ఆ చట్టం 1948 నాటిది. మనం నవ్వుకునేవి దాదాపు అన్నీ వ్యాపార సంఘాలు, వైద్యుల సంఘాలు, ఊళ్లు, కంపెనీలు పెట్టుకున్నవి. వాటిని పరిశీలించి, రుసుము తీసుకుని నమోదు చేసే జపాన్ స్మారక దినాల సంఘం 1991లో మొదలైన ప్రైవేటు సంస్థ, నగనొ రాష్ట్రంలోని సకు పట్టణంలో ఉంది. ఒకే తేదీకి ఎన్ని దినాలైనా ఉండొచ్చు. కాబట్టి 'నేడు ఫలానా దినం' అనేకంటే 'నేడు జరుపుకొనేవాటిలో ఒకటి' అనడం సబబు.

లిపి విషయంలో తెలుగుకు ఒక సౌకర్యం ఉంది, వాడుకోండి. హ్రస్వ ఎ, ఒ మనకు ఉన్నాయి కాబట్టి ఫురొ (స్నానం), గొమి (చెత్త) ఉన్నవున్నట్టు రాయగలం. త్సు అయితే మన 'చుట్టం'లోని మొదటి అక్షరమే. ఇంగ్లిష్ స్పెల్లింగు చూసి ఫురోగా, గోమిగా సాగదీయనక్కర్లేదు.

బాక్సు ఎంత చిన్నదైనా పడుతుందని చూపడానికి ఒక నమూనా: "ఆగస్టు 7. 8 = హ, 7 = న. హన అంటే ముక్కు, హన అంటే పువ్వు కూడా. ముక్కు దినాన్ని చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం పెట్టింది. 8ని 'బ'గా చదివి, 7ని పూర్తిగా పలికి బ-నన అనుకున్న దిగుమతిదారులు అదే రోజును అరటిపండు దినం చేసుకున్నారు. సెలవు లేదు."

భవదీయులు,
జపనీస్ భాషా బోధకులు