29సి ఎక్కి రా

మైలాపూర్, మద్రాసు
ఆదివారం మధ్యాహ్నం

ఏం మే పద్దూ,

నువ్వు ఫోను పెట్టేసిన అయిదు నిమిషాలకే కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నా. ఫోన్లో చెప్తే నువ్వు వినవు. సగం మాటలో "సరేలే, క్యాబ్ పెట్టుకుంటాలే" అంటావు. ఉత్తరంలో అయితే అడ్డం రాలేవు గదా. కుదురుగా చదువు. నెల్లూరు నుంచి అంత దూరం బస్సులో వచ్చి, ఊళ్ళోకొచ్చాక క్యాబు దిగావంటే మాత్రం నేను తలుపు తియ్యను.

మన పెళ్ళి చీరలకి వచ్చినప్పుడు బ్రాడ్వేలో దిగాం, గుర్తుందా? దిగంగానే ఆ జనాన్ని చూసి మీ అమ్మ పర్సు జాకెట్లో దోపేసి, చీర కొనేదాకా చెయ్యి అక్కడి నుంచి తియ్యలేదు. 2002లో ఆ దూరపు బస్సుల్ని కోయంబేడుకి మార్చారు. 2018లో మన ఆంధ్రా బస్సులకని మాధవరంలో వేరే స్టాండు కట్టారు. 2023 ఆఖర్లో దక్షిణం వైపు పొయ్యే బస్సులకి కిళాంబాక్కం వచ్చింది. కోడలొచ్చాక అత్తగారి మంచం వరండాలోకి జరిగినట్టు, ఊరు పెరిగే కొద్దీ బస్టాండు బయటికి జరుగుతా పోతుంది. మనకి మాత్రం మేలే అయింది. నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ దాటి వచ్చే బస్సుకి మాధవరం ఊరి గుమ్మంలోనే ఉంటుంది.

అక్కడ దిగి పెరంబూరు పొయ్యే సిటీ బస్సు ఏదైనా ఎక్కు, దగ్గరే. పెరంబూరులో 29సి. పెరంబూరు నుంచి బీసెంట్ నగర్ దాకా పోతుంది. అక్కడే మొదలయ్యే బస్సు కాబట్టి సీటు దొరుకుతుంది. పురసవాక్కం, జెమినీ మీదుగా మా ఇంటి దగ్గరి స్టాపు లజ్‌కి వచ్చి, మందవెళి, అడయార్ దాటి సముద్రం దగ్గర ఆగుతుంది. ఎక్కంగానే ఎడమ వైపు కూర్చో. మనకి ఆడవాళ్ళ సీట్లు ముందర గదా, ఇక్కడ ఎడమ వరస మనది, కుడి వరస మొగవాళ్ళది. పెళ్ళైన కొత్తలో మా ఆయన పక్కన కూర్చుంటే ఒక ముసలావిడ నన్ను కళ్ళతోనే లేపి ఇవతలికి లాగేసింది.

ఆ రోజుల్లోనే ఇంకోటి జరిగింది, నీకు చెప్పలేదు. ఒంటరిగా బస్సెక్కడం అదే మొదలు. ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టానో లేదో, కండక్టరు వెనక నుంచి "ఏరు, ఏరు" అని ఒకటే కేక. ఏం ఏరమంటున్నాడో, నా చేతిలోంచి ఏం పడిందోనని వంగి కింద వెతకతా ఉండా! వెనకున్నోళ్ళంతా నా మీద పడతా ఉన్నారు. అరవంలో ఏరు అంటే ఎక్కు అని మా ఆయన రాత్రి చెప్పి, నవ్వి నవ్వి పొరబోయించుకున్నాడు. నేను అన్నం పెట్టకుండా లేచిపోయా.

అంతటితో అయిందా? తర్వాతి నెల్లో పురసవాక్కంలో మా పెద్దత్త ఇంటికని బయల్దేరి, రోడ్డుకి ఈ పక్క నిలబడి 29సి ఎక్కా. నంబరు చూసుకున్నా గానీ బస్సు ఎటు పోతుందో చూసుకోలేదు. అందరూ దిగిపోయి బస్సు ఖాళీ అయ్యాక చూస్తే ఎదురుగా సముద్రం. ఏడుపొచ్చింది గానీ, గాలి బాగుంది మే. సుండల్, అదే మన గుగ్గిళ్ళు, కొనుక్కుని, అష్టలక్ష్మి గుడిలో దణ్ణం పెట్టుకుని, అదే బస్సులో తిరిగొచ్చా. ఇంట్లో మాత్రం "మొక్కు ఉంది, అందుకే పోయా" అని చెప్పా. ఇప్పటికీ ఆయన అదే అనుకుంటున్నాడు. నోరు జారబాకు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. మన ఆర్టీసీలో కండక్టరు జనంలో ఈదుకుంటా మన దగ్గరికి వస్తాడు గదా. ఇక్కడ ఆయన తన సీట్లో కూర్చుని ఉంటాడు, మన డబ్బులే ఆయన దగ్గరికి పోవాలి. తాడూ గంటా ఉండవు, విజిలే. ఒకటి ఊదితే ఆపు, రెండు ఊదితే పో. నువ్వు నోటు మడిచి పక్క మనిషికిచ్చి "ఒరు లజ్, పాస్ పణ్ణుంగ" అనాలి. ఆమె ఇంకొకరికి, వాళ్ళు ఇంకొకరికి. మొదటిసారి నా దగ్గర చిల్లర లేక యాభై నోటు ఇచ్చా. అప్పట్లో యాభై అంటే చిన్న సంగతి కాదు. అది మూడు తలకాయలు దాటాక కనిపించకుండా పోయింది. మీ అమ్మలాగా నా చెయ్యి జాకెట్ మీదికి పోయింది, కానీ ఇంక అక్కడ దాచడానికి ఏముంది?

జెమినీ వచ్చింది, పోయింది. నా మొహం చూసి పక్కన పూలబుట్ట పెట్టుకున్నావిడ, కండక్టరుకి వినపడేట్టు ఏదో అరిచింది. అందులో నాకు అర్థమైంది "చిల్లర" ఒక్కటే. ఆ మాట మనదీ వాళ్ళదీ ఒకటే మే! కాసేపటికి వచ్చాయి. టికెట్టు చుట్టలో నోట్లు, నోట్ల మధ్యలో నాణేలు. అన్ని చేతులు మారి నాణేలు వెచ్చగా ఉన్నాయి. ఒక్క పైసా తగ్గలేదు. పూలావిడ నా ఒళ్ళో పెట్టి లెక్క చూసుకోమని సైగ చేసింది. ఆ బస్సులో నా పేరు తెలిసినోళ్ళు ఒక్కరు లేరు. మా సొంత మరిది దగ్గర ఇచ్చిన బాకీ ఇంతవరకు రాలేదు, నీకు తెలుసుగా.

ఇప్పుడు ఆడవాళ్ళకి డబ్బులు పాస్ చేసే పని తగ్గిపోయింది. 2021 మే నుంచి మామూలు బస్సుల్లో మనకి టికెట్టు డబ్బులు లేవు. మీకు స్త్రీ శక్తి 2025 ఆగస్టు 15న గదా మొదలైంది, మేం అప్పటికే నాలుగేళ్ళుగా తిరగతా ఉండాం. మీకు మల్లే ఆధార్ చూపించమని అడగరు, నెల్లూరు మనిషివైనా ఎక్కి కూర్చోవచ్చు. బస్సు ముందూ వెనకా గులాబీ రంగు వేసుంటే అది ఉచితం. డీలక్స్ అయితే డబ్బులు పెట్టాలి. తెలియకపోతే "ఫ్రీయా?" అని అడుగు. ఉచితమైనా టికెట్టు మాత్రం తీసుకోవాలి. అది కూడా చేతులు మారే వస్తుంది.

మొన్న ఒకాయన, చేతిలో పేపరూ అదీ, "అంతా ఓసీ గుంపు" అని గొణిగాడు. ఇక్కడ ఓసీ అంటే డబ్బులివ్వకుండా ఊరికే వాడుకోవడం. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి రోజూ రెండు బస్సులు మారి వస్తుంది. ఒకప్పుడు చార్జీ మిగిల్చుకోడానికి ఒక బస్సు దూరం నడిచి వచ్చేది, వచ్చీ రాంగానే గోడకి చేరగిలబడి మంచినీళ్ళు అడిగేది. ఇప్పుడు అడగదు. ఆ సంగతి ఆయనకి చెబుదామనుకున్నా, కానీ నా అరవం కోపంలో ఇంకా తెలుగైపోతుంది. ఊరుకున్నా.

మా మామగారు ఇంకా "పల్లవన్ వచ్చిందా?" అంటారు. 1972లో పెట్టిన పల్లవన్ బస్సుల కార్పొరేషన్ పేరు ఎప్పుడో మారిపోయినా ఆయన నోట్లో మారలేదు. బస్సు బోర్డు మీద టి.నగర్ అని కనపడితే ఆయనకి గర్వం. ఆ టి అంటే పిట్టి త్యాగరాయ చెట్టి, మనవాడు. అక్కడి పానగల్ పార్కు పానగల్ రాజా పేరు మీద, ఆయనా మనవాడే. మా లజ్ దగ్గర పార్కు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులిది, మీ నాయన నుదుటికి రుద్దుకునే అమృతాంజనం ఆయనదే. పొట్టి శ్రీరాములు ప్రాణం వదిలిన ఇల్లు కూడా రాయపేట హైరోడ్డులో, ఇక్కడికి నడిచిపోవచ్చు. నువ్వొస్తే తీసుకెళ్తా. మామగారితో పోతే మాత్రం మధ్యాహ్నం భోజనానికి తిరిగిరాం.

ఈ పాస్ చేయడం ఇంకెన్నాళ్ళుంటుందో. ఇప్పుడు టికెట్ మెషీన్లు, ఫోన్ చెల్లింపులు. మెట్రోకి వాడే సింగార చెన్నై కార్డు బస్సులో కూడా చెల్లుతుంది. యాభై నోటు ఎవరి చేతికైనా ఇచ్చాను గానీ, కార్డు ఇస్తానా చెప్పు?

ఇంకొకటి, మెట్రో పనులకని లజ్ దగ్గర రోడ్లు తవ్వి దారి మళ్ళించారు. ఎక్కంగానే కండక్టరుని అడుగు, స్టాపు యాడుందో చెప్తాడు. జెమినీ దాటాక నాకు ఫోను చెయ్యి, గొడుగు పట్టుకుని నిలబడతా. డీలక్స్ వస్తే పనికొస్తాయి, పది రూపాయల నోట్లు నాలుగు తెచ్చుకో. దిగేటప్పుడు "ఎరంగణుం" అను, నాకు మల్లే వంగి వెతకబాకు.

మలైకాజా డబ్బా మర్చిపోబాకు. ఒళ్ళోనే పెట్టుకో. అది మాత్రం ఎవరికీ పాస్ చెయ్యబాకు మే, వెనక్కి రాదు.

నీ
మొద్దు