దళ పతాకం తక్కువ ఖర్చుతో కుట్టించాలంటే

సంపాదకులకు,

కవాతుకు పతాకం కావాలనగానే స్వచ్ఛంద దళాలు ఫ్లెక్సీనో, నిండు ఎంబ్రాయిడరీనో ఎంచుకుంటున్నాయి. మొదటిది రెపరెపలాడదు. రెండోది ఉన్న నిధినంతా ఊడ్చేస్తుంది. మధ్యేమార్గం ఉంది.

4 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు చాలు. అంతకు మించితే గాలికి మోసేవారి చేతులు నిలవవు. మందపాటి శాటిన్ రెండు పొరలు తీసుకోండి. ఒకటే పొర అయితే వెనక నుంచి అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. అందుకే రెండు ముఖాలూ విడివిడిగా సిద్ధం చేసి, మధ్యలో పలుచని ముదురు రంగు లైనింగ్ పెట్టి కలిపి కుట్టాలి.

ఎక్కువగా చెడేది చిహ్నం దగ్గరే. నేరుగా శాటిన్ మీద మిషన్ ఎంబ్రాయిడరీ చేయిస్తే దారం బిగువుకు చుట్టూ గుడ్డ ముడతలు పడుతుంది, ఇస్త్రీ చేసినా పోదు. మందపాటి గుడ్డపై బ్యాడ్జిలా విడిగా చేయించి, తర్వాత పతాకానికి కుట్టించండి. కూలి సాధారణంగా కుట్ల లెక్కన ఉంటుంది కనుక నేపథ్యాన్ని దారంతో నింపించకుండా రంగు గుడ్డకే వదిలేస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. అక్షరాలకు రంగు గుడ్డ కత్తిరించి అంచున జిగ్‌జాగ్ కుట్టు వేస్తే సరి. దళం పేరు స్పెల్లింగ్ కాగితం మీద రాసిచ్చి సంతకం పెట్టించుకోండి, దయచేసి.

కర్ర దూరే గుడ్డ గొట్టానికి కర్ర చుట్టుకొలత కంటే అంగుళం వదులు ఉంచాలి. లోపల రెండు తోలు పట్టీలు కుట్టి కర్రకు బిగించిన స్క్రూలకు తగిలిస్తే పతాకం కిందికి జారదు. కుచ్చుల అంచు మిగతా మూడు వైపులకే.

- ఒక పాఠకుడు