గోస్తనిలో తెడ్డు వేయాలంటే ఇంజిను నంబరు కావాలట!

పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కారం.

వేసవి సెలవులు వచ్చేస్తున్నాయి. భీమిలి దగ్గర గోస్తని నదిలో నాలుగు కెనూలు, అంటే తెడ్లతో నడిపే చిన్న పడవలు, వేసుకుని ఒక పూట తిరిగొస్తాం, అనుమతి ఇప్పించండి అని కిందటి వేసవి నుంచీ మా కాలనీ వాళ్లం పెట్టుకుంటున్న అర్జీలు మీ దాకా వచ్చే ఉంటాయి. రాలేదంటే ఏదో ఒక బల్ల మీద భద్రంగా ఉన్నట్టే. మొదట 'పరిశీలనలో ఉంది' అని ఫోనుకి మెసేజీ వచ్చింది. కొన్నాళ్లకి 'పరిష్కరించబడినది' అని ఇంకోటి వచ్చింది. ఏం పరిష్కరించారో ఇప్పటికీ మాకు అంతుబట్టలేదు.

అసలు చిక్కు ఫారం దగ్గరే మొదలైంది. ఒక ఆఫీసులో బోటు అనుమతి ఫారం చేతికిచ్చారు. ఇంజిను నంబరు, ఇంజిను సామర్థ్యం, సరంగు లైసెన్సు, డీజిల్ ట్యాంకు, అన్నిటికీ గళ్లున్నాయి. కెనూకి ఇంజిను ఉండదండీ, ఇద్దరు కూర్చుని తెడ్లు వేసుకోవడమే అన్నాను. గడి ఖాళీగా వదిలితే కంప్యూటర్ తీసుకోదన్నారు. పోనీ సున్నా వేయమంటారా అని అడిగాను. సున్నా వేస్తే ఇంజిను పాడైన బోటు కింద లెక్కట, రిపేరు చేయించి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెమ్మన్నారు! ఆయన ఎగతాళికి అనలేదు సార్, నిజంగానే నా మంచి కోరి చెప్పారు. అదే నాకు ఎక్కువ బాధ.

అక్కడి నుంచి ఇంకో ఆఫీసు. నది మాదే గానీ ఉప్పునీరు తగిలే మేర మాది కాదన్నారు. ఉప్పునీటి వాళ్ల దగ్గరికి పోతే వంతెన దాటాక మాకు సంబంధం లేదన్నారు. పోటు వేళ ఒకరిని, పాటు వేళ ఇంకొకరిని అడగాలేమో, మాకు తెలియదు. మేం పెట్టుకున్న ప్లాను కూడా ఆ పోటు, పాటుల మీదే ఉంది. తెల్లవారుజామున పోటు నీటితో మొగ వైపు నుంచి, అంటే నది సముద్రంలో కలిసే చోటు నుంచి, పైకి వెళ్లడం, పాటు మొదలవగానే దాంతోనే వెనక్కి రావడం, ఎండ ముదిరి గాలి లేచేలోపు ఒడ్డెక్కెయ్యడం. పిల్లలకి లైఫ్ జాకెట్లు, ఈత వచ్చిన పెద్దాళ్లు ఒక్కో కెనూకి ఒకరు. కాగితం మీద గీసి మరీ ఇచ్చాం. ఆ కాగితం ఏ ఫైల్లో ఉందో చెప్పినా సంతోషిస్తాం.

అనంతగిరి నుంచి దిగి, బొర్రా గుహల గుండా, తాటిపూడి జలాశయం మీదుగా వచ్చే నది కదా, పైనుంచి ఎందుకు రాకూడదని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చారు. 2022లో జిల్లాలు విడగొట్టాక ఆ దారి అంటే మూడు జిల్లాలు, ముగ్గురు కలెక్టర్లు. పైగా తాటిపూడి నీళ్లు మన విశాఖ కుళాయిల్లోకి, పొలాల్లోకి పోగా ఎండాకాలంలో పద్మనాభం దగ్గర కెనూ తేలదు, భుజానికెత్తుకుని ఇసుకలో నడవాల్సిందే. అందుకే భీమిలి దగ్గర ఆ కాస్త మేర చాలు అంటున్నాం. అక్కడా రేవు లేదు, బురద మెట్లే. కాలువల మురుగు వచ్చి కలిసే చోట ముక్కు మూసుకోవాలి. సరే, అది వేరే శాఖ అంటారు, వదిలేస్తున్నా.

భద్రత అంటారా, కాదనం. 2017 నవంబర్‌లో కృష్ణలో, 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవలు మునిగి ఏం జరిగిందో రాష్ట్రంలో ఎవరూ మర్చిపోలేదు. నిబంధనలు బిగించారు, బిగించాల్సిందే. కానీ ఆ రెండూ జనాన్ని ఎక్కించుకుని తిప్పిన ఇంజిను బోట్లు. వాటి కొలతలే ఇద్దరు కూర్చునే కెనూకీ పెడితే ఎలా? మేం అడిగి, రాసిచ్చి, కాగితాలు పట్టుకు తిరుగుతుంటే ఆగిపోయాం. అదే మొగలో లారీ ట్యూబుల మీద, థర్మకోల్ ముక్కల మీద కుర్రాళ్లు తేలుతుంటారు. వాళ్లకి జాకెట్లూ లేవు, ఎవరూ చూడరు, ఇంజిను నంబరు అడిగేవాళ్లూ లేరు.

ఇంకో మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి సముద్రంలో వేట నిషేధం. సరిగ్గా మా పిల్లల సెలవులే. మొగ నీళ్లలో ఎక్కడ లోతో, ఎక్కడ ఇసుక మేటో కళ్లు మూసుకుని చెప్పగల మత్స్యకార కుర్రాళ్లు ఆ రెండు నెలలూ ఒడ్డున వలలు అల్లుకుంటూ కూర్చుంటారు. వాళ్లని తోడు పెడితే వాళ్లకి కూలీ, మాకు ధైర్యం. ఇదీ అర్జీలో రాశాం. ఇదీ 'పరిష్కరించబడినది'.

రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చినప్పుడు మేమూ గొప్పగా చెప్పుకున్నాం. సముద్రానికి జెండా ఇచ్చారు, నదికి కనీసం ఒక ఫారం ఇవ్వండి. ఇంజిను లేని చిన్న పడవలకి వేరే ఫారం. ఒక్కటే ఆఫీసు, ఏ ఆఫీసో బోర్డు మీద రాయండి. సరంగు లైసెన్సు బదులు ఈత, జాకెట్టు, తోడు మనిషి అడగండి, చూపిస్తాం. కుదరదంటే కుదరదని రాతపూర్వకంగా ఇచ్చేయండి సార్, పిల్లలకి అదే చూపిస్తాను.

ఇట్లు,
భీమిలి రోడ్డు వాసి, విశాఖపట్నం

తా.క.: జవాబు జూన్‌లో వస్తే ప్రయోజనం లేదు. వానలు పడి ఎర్రనీరు దిగాక ఆ నదిలో పిల్లల్ని మేమే దింపం.