సీపీయూ అంటే డబ్బా కాదు

సంపాదకులకు నమస్కారం.

బడి గోడలకు వేలాడే కంప్యూటర్ చార్టుల్లో చాలావాటిలో మానిటర్ పక్కన నిలబెట్టిన పెద్ద డబ్బాకు బాణం గుర్తు వేసి ‘సీపీయూ’ అని రాసి ఉంటుంది. మూడో తరగతి పిల్లలు దాన్నే బట్టీ పడతారు. కంప్యూటర్‌కు మెదడు ఏదంటే డబ్బాను చూపిస్తారు. నిజానికి ఆ డబ్బా పేరు క్యాబినెట్. లెక్కలన్నీ చేసే సీపీయూ దాని లోపల ఫ్యాన్ కింద ఉంటుంది, దాదాపు 4 సెంటీమీటర్లుండే చదరపు బిళ్ల. పిల్లలను అని లాభం లేదు, మూత తీసి చూపించినవాళ్లు ఉంటే కదా.

చూపించడానికి ఇప్పుడు మంచి అదను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత డెస్క్‌టాప్‌లు హన్మకొండ, వరంగల్, కరీంనగర్ ఆఫీసుల్లో, కాలేజీల్లో మూలకు చేరుతున్నాయి. నడిచేవాటిలో విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకుని వాడుకోవచ్చు, అది వేరే సంగతి. అసలు ఆన్ కానివి కూడా ప్రాథమిక పాఠశాలకు ఒకటి చొప్పున ఇస్తే చాలు. విడిభాగాలు నేర్పడానికి చెడిపోయిన కంప్యూటరే నయం, విరిగినా పోయేదేమీ లేదు.

అయితే తెచ్చింది తెచ్చినట్టు పిల్లల ముందు పెట్టకూడదు. కరెంటు తీగ క్యాబినెట్ దగ్గరే పీకేయాలి. వెనక రెండు స్క్రూలు తీస్తే పక్క రేకు జారి వస్తుంది. లోపలి దుమ్ము ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని, బ్రష్షుతో పెద్దవాళ్లే దులపాలి. తీగలన్నీ వచ్చి కలిసే ఇనుప పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్‌ను, నాలుగు స్క్రూలు విప్పి పూర్తిగా బయటికి తీసి బీరువాలో పెట్టేయాలి. కరెంటు తీసేసినా దాని లోపలి కెపాసిటర్లలో చార్జి నిలిచి ఉంటుంది. వెనక బొడిపె ఉన్న పాత లావు మానిటర్‌ను అసలే విప్పొద్దు, దాని పిక్చర్ ట్యూబులో వేల వోల్టులుంటాయి.

అందరూ మరిచేది మదర్‌బోర్డు, అంటే భాగాలన్నీ తగిలించే పెద్ద బోర్డు, మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ. కంప్యూటర్ ఆపినా గడియారం నడిచేది దాంతోనే. ఒకటో తరగతి పిల్లాడు దాన్ని మింగి అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే ఆహార నాళం కాలిపోవడం మొదలవుతుంది. అందుకే ముందే తీసేసి, టేపు చుట్టి, టీచర్ దగ్గర పెట్టుకోవాలి. బోర్డు వెనక సూదుల్లా పొడుచుకొచ్చే కాళ్లుంటాయి, పాతవాటి అతుకుల్లో సీసం ఉంటుంది. కాబట్టి పాఠం అవ్వగానే సబ్బుతో చేతులు కడిగించాలి.

ఇక పాఠం. ఐదారుగురికి ఒక గుంపు చాలు. ఒకరోజు రెండు భాగాలకు మించి చెప్పొద్దు. పేర్ల కన్నా ముందు పని చెప్పాలి. ర్యామ్ అంటే పలక, హార్డ్‌డిస్క్ అంటే నోటు పుస్తకం. లెక్క పలక మీద చేస్తాం, తుడిచేస్తే పోతుంది. పుస్తకంలో ఎక్కించింది బడి బంద్ అయినా ఉంటుంది. ఒకరికి పలక, ఇంకొకరికి పుస్తకం ఇచ్చి, మూడో పిల్లను సీపీయూ చేసి, నాలుగో పిల్లాడిని కీబోర్డులా లెక్క చెప్పమనాలి. ఐదో పిల్ల మానిటర్‌లా జవాబు చూపిస్తుంది. మధ్యలో ‘కరెంటు పోయింది’ అని పలక తుడిచేయాలి. సేవ్ చేయడం ఎందుకో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

తర్వాత ర్యామ్ ముక్క చేతికివ్వాలి. కింది అంచులో, మధ్యకు కాస్త పక్కగా, ఒక గాటు ఉంటుంది. ఆ గాటు మదర్‌బోర్డు మీది స్లాట్‌లోని గట్టుతో కలిస్తేనే దిగుతుంది, తిరగేస్తే దిగదు. రెండు చివర్లా సమంగా నొక్కితే కొక్కేలు టక్కున పడతాయి. పనిచేసే కంప్యూటర్లలో తెర నల్లగా ఉండిపోయి బీప్‌లు వచ్చే జబ్బుకు చాలాసార్లు కారణం ఇది సరిగా కూర్చోకపోవడమే, లేదా బంగారు రంగు అంచుకు మురికి పట్టడమే. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పోతుంది.

చెడిపోయిన హార్డ్‌డిస్క్ ఒకటి విడిగా దొరికితే, దాని మూత తెరిచి అద్దంలా మెరిసే పళ్లెం చూపిస్తే పిల్లలు వదలరు. తెరిచేది డెస్క్‌టాప్‌దే కావాలి. ల్యాప్‌టాప్ డిస్కుల్లో పళ్లెం తరచూ గాజుది, వంచితే పెంకులై ఎగురుతుంది.

మానిటర్ మీటను కంప్యూటర్ మీట అనుకోవడం ఇంకో పెద్ద పొరపాటు. ఇది మాటలతో పోదు. నడిచే కంప్యూటర్ డబ్బాకు తగిలించిన స్పీకర్లలో పాట పెట్టి, మానిటర్ ఆపేయండి. పాట ఆగదు. పిల్లలు డబ్బా వైపు తిరిగి చూస్తారు.

కీబోర్డు ఇంగ్లిషు అక్షరాలకే అనుకోవడం కూడా పోవాలి. విండోస్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక ఎంచుకుంటే అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. ‘కే’ నొక్కితే క, ‘సీ’ నొక్కితే మ, ‘ఎన్’ నొక్కితే ల. మూడు మీటలతో ‘కమల’ తెర మీదికొస్తే ఇన్‌పుట్, అవుట్‌పుట్ అనే మాటలు రెండూ ఒకేసారి అర్థమవుతాయి.

కంప్యూటర్లు ఇచ్చే ఆఫీసులు ఒకటి గుర్తుంచుకోవాలి. ఫైళ్లు డిలీట్ చేస్తే సమాచారం పోదు, మామూలు ఫార్మాట్‌తోనూ తిరిగి రాబట్టే వీలుంటుంది. కాబట్టి హార్డ్‌డిస్క్ తీసుకుని మిగతాది ఇవ్వండి. బడికి పనికిరాని భాగాలు పాత ఇనుము బండికి వేయొద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అవి నమోదైన రీసైక్లర్‌కే చేరాలి. జూన్‌లో బడులు తెరిచేలోపు మండలానికి ఒక టీచర్‌కు సగం రోజు శిక్షణ, ఒక ఫిలిప్స్ స్క్రూడ్రైవర్, ఒక బ్రష్షు ఇప్పించాలని జిల్లా విద్యాధికారులకు మనవి. కొత్త చార్టులు వచ్చేదాకా పాతవాటిలో ఆ బాణం పక్కన ‘క్యాబినెట్’ అని కాగితం ముక్క అంటించుకుంటే సరి.

ఇట్లు,
కంప్యూటర్ మరమ్మతు పనివారు, హన్మకొండ