పుట్టిన బిడ్డకు గుండె లోపాన్ని పసిగట్టే ఆక్సిజన్ పరీక్ష ఎందుకు చేయరు?

సంపాదకుల వారికి నమస్కారం.

విజయవాడకు తరలిస్తుండగా అంబులెన్సులోనే కన్నుమూసిన ఐదు రోజుల పసికందు గురించి గత వారం మీ జిల్లా సంచికలో వచ్చిన వార్త చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. పుట్టుకతో వచ్చిన గుండె జబ్బు కనుక ఎవరూ చేయగలిగింది లేదన్న అధికారుల వివరణ మరింత బాధించింది. వెయ్యి మంది శిశువుల్లో సుమారు ఎనిమిది మంది గుండె లోపంతోనే పుడతారు, వారిలో దాదాపు నాలుగో వంతు మందికి తొలి ఏడాదిలోనే ఆపరేషనో మరో చికిత్సో తప్పదు. ఇంత తెలిసిన విషయాన్ని తలరాత అని వదిలేయడం న్యాయమా?

గర్భంలో ఉండగా రక్తాన్ని ఊపిరితిత్తులకు పోనీయకుండా మళ్లించే నాళం పుట్టిన కొద్ది రోజుల్లో మూసుకుపోతుంది. కొన్ని లోపాల్లో బిడ్డ ప్రాణం ఆ నాళం మీదే నిలిచి ఉంటుంది కనుక, అంతవరకు ఆరోగ్యంగా కనిపించిన బిడ్డ ఇంటికి చేరాక ఉన్నట్టుండి నీరసించిపోతుంది. మా తమ్ముడి మనవరాలు రెండు గుక్కలు తాగి రొమ్ము వదిలేసేది, నుదుటి నిండా చెమటలు పట్టేవి, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసేది. పురుడు పోసిన నర్సింగ్‌హోమ్‌లో పాలు అరగడం లేదని చుక్కల మందు రాసి పంపించేశారు. పెదవులు నీలం తిరిగాక వేరే ఆసుపత్రికి పరుగెత్తితే, అక్కడ నాళం మూసుకోకుండా ప్రోస్టాగ్లాండిన్ అనే మందు ఎక్కించి ఆపరేషన్‌కు పంపబట్టి పిల్ల దక్కింది.

పుట్టిన 24 గంటల తర్వాత కుడి చేతికి, ఒక పాదానికి పసిపిల్లల ప్రోబ్‌తో (చర్మానికి తగిలించే సెన్సర్‌తో) పల్స్ ఆక్సీమీటర్ పెట్టి, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూడటమే ఇలాంటి లోపాలను ముందే పసిగట్టే ఆ పరీక్ష. ఆక్సిజన్ 90 శాతం లోపు ఉంటే వెంటనే ఎకో (గుండె స్కానింగ్) తీయించాలి. 95కు తగ్గినా, చేతికీ కాలికీ 3 శాతానికి మించి తేడా ఉన్నా గంట తర్వాత మళ్లీ చూడాలి. సూది లేదు, నొప్పి లేదు, కొద్ది నిమిషాల పని. అన్ని లోపాలూ దీనికి దొరకవు కనుక గజ్జల్లో నాడి కూడా పట్టి చూడాలి. అమెరికా ప్రభుత్వం 2011లోనే దీన్ని నవజాత శిశువులందరికీ సిఫారసు చేసింది. మన దేశంలో శిశువుల లోపాలను ముందే గుర్తించే కార్యక్రమం 2013లో మొదలైనా, అడుగడుగునా ఆసుపత్రులున్న గుంటూరు కొత్తపేటలో ఈ పరీక్ష గురించి అడిగితే వింతగా చూసేవారే ఎక్కువ. ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో పిల్లల గుండె ఆపరేషన్లకు డబ్బు ఉంది. కానీ జబ్బు ఉన్నట్టే తెలియని బిడ్డకు ఆ పథకం ఎలా అందుతుంది? ర్యాలీలకూ ఫ్లెక్సీలకూ దొరికే తీరిక ప్రసూతి ఆసుపత్రుల తనిఖీకి మన అధికారులకు ఎందుకు దొరకదు?

చేతి, పాదం ఆక్సిజన్ అంకెలు లేని డిశ్చార్జి కార్డు చెల్లదని జిల్లా వైద్యాధికారులు ఉత్తర్వు ఇవ్వాలి. నవజాత శిశు విభాగాలున్న ప్రతి ప్రభుత్వ ఆసుపత్రి ఫ్రిజ్‌లో ప్రోస్టాగ్లాండిన్ ఉంచాలి. ఆ మందుతో ఒక్కోసారి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది కనుక, బిడ్డను తరలించే వాహనంలో శ్వాస అందించడం తెలిసిన సిబ్బంది తప్పక ఉండాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
బ్రాడీపేట, గుంటూరు