హంపికి వెళ్ళేవారికి ఎండ సంగతీ, ఏటి సంగతీ ముందే చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారములు.

వేసవి సెలవులు దగ్గరపడగానే పత్రికల ఆదివారం సంచికల్లో విహారయాత్రల వ్యాసాలు మొదలవుతాయి. వాటిలో విజయనగర రాజధాని హంపికి ఏటా చోటు దక్కుతూనే ఉంటుంది. 1336లో పునాది పడి, 1565 నాటి తళ్ళికోట యుద్ధం తరువాత కొల్లగొట్టబడి పాడుబడిన ఆ నగరాన్ని మన పిల్లలకు చూపించాలనుకోవడం ఎంతో మంచి సంకల్పం. అయితే ఆ వ్యాసాల్లో చూడవలసిన గుళ్ళ పట్టిక ఉంటుంది గాని, ఏ నెలలో ఏ పూట వాటి దగ్గరికి వెళ్ళాలన్నది ఉండదు. బళ్ళారి మీదుగా అనేకసార్లు అక్కడికి వెళ్ళివచ్చిన అనంతపురం జిల్లావాసిగా ఆ లోటు గురించి రాస్తున్నాను.

ఒక ఏడాది మే నెలలో మా చెల్లెలి కుటుంబాన్ని నేనే హంపికి తీసుకువెళ్ళాను. విరూపాక్షాలయంలో నేటికీ నిత్యపూజలు జరుగుతాయి కనుక చెప్పులు గోపురం బయటే విడవాలి. మేము చేరేసరికి పదకొండు దాటింది. ఏడేళ్ళ మా మేనకోడలు ఆవరణలోని బండలమీద నాలుగడుగులు వేసి, అయిదో అడుగు వేయలేక ఏడుస్తూ మండపం నీడకు పరుగెత్తింది. దాని అరికాళ్ళు ఎర్రగా కంది ఉంటే సీసాలోని నీళ్ళు పోసి, తడి కండువా చుట్టి చాలాసేపు అక్కడే కూర్చున్నాం. ఆ రోజు పిల్ల చూసిన హంపి అంతే. ఆ తప్పు నాదే.

హంపి అంతా రాతి నేల. చుట్టూ గుండ్లు పేర్చినట్టున్న కొండలు, కింద బండపరుపు. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత తరచు 40 డిగ్రీలకు చేరువవుతుంది. పగలంతా తాగిన వేడిని ఆ రాయి పొద్దుగూకినా వదలదు. అందులోనూ మహానవమి దిబ్బ, మెట్ల పుష్కరిణి ఉన్న రాజప్రాసాదాల ఆవరణలో తలదాచుకోవడానికి చెట్టు నీడ దొరకడం కష్టం. వేసవిలో తప్ప వీలుపడనివారు తెల్లవారుతూనే బయలుదేరి, ఎండ ముదిరేలోగా విఠలాలయం చూసి రావాలి. అక్కడికి వాహనాలను దూరంగానే ఆపివేస్తారు. చివరి కిలోమీటరు దూరం బ్యాటరీ బండిలోనో, నడిచో వెళ్ళాలి కాబట్టి ఆలస్యమైతే వరుసలో నిలబడే శ్రమ కూడా తోడవుతుంది. మధ్యాహ్నాన్ని కమలాపురంలోని పురావస్తు ప్రదర్శనశాలకు కేటాయించుకోవచ్చు గాని, దానికి శుక్రవారం సెలవన్నది గుర్తుంచుకోవాలి. గుళ్ళలో తిరగడానికి ఒక జత మందపాటి మేజోళ్ళు వెంట ఉంచుకోవడం పిల్లలకూ, పెద్దవారికీ ఎంతో మేలు చేస్తుంది.

ఎండ సంగతి కొంతవరకు అందరూ ఊహించగలరు. ఊహకు అందనిది ఏటి సంగతి. హంపి వానచాటు ప్రాంతం. పడమటి కనుమలు నైరుతి మేఘాలను చాలావరకు తమ మీదే కురిపించుకొని మిగిలినవాటిని ఇటు పంపుతాయి. కాని తుంగ, భద్ర రెండూ పుట్టేది ఆ కనుమల్లోనే. అవి శివమొగ్గ జిల్లా కూడలి వద్ద కలిసి తుంగభద్రగా మారి, హొసపేట జలాశయం దాటి హంపి పక్కనుంచి పారుతాయి. అందువల్ల జులై, ఆగస్టు నెలల్లో హంపి మీద చినుకైనా లేకుండానే, జలాశయం నిండి గేట్లు ఎత్తితే, ఇక్కడ నది ఒడ్డెక్కుతుంది. ఒక ఆగస్టు ఉదయం విఠలాలయం దగ్గరి ఒడ్డున నిలబడి చూశాను. ఆకాశం నీలంగా, నిర్మలంగా ఉంది. కళ్ళెదుట పురందర మండపం మాత్రం పైకప్పు మట్టానికి మునిగి, ఎర్రని నీరు దాని చుట్టూ సుడులు తిరుగుతోంది. పుట్టి (గుండ్రని బుట్ట పడవ) నడిపే ఒక పెద్దాయన తన పుట్టిని ఒడ్డున బోర్లించి కూర్చున్నాడు. ఇక్కడి మబ్బును నమ్మితే లాభం లేదని, పడమటి కనుమల్లోని మలనాడులో వానలెలా ఉన్నాయో కనుక్కొని రావాలని ఆయనే నాకు వివరించి చెప్పాడు. అలాంటి రోజుల్లో పుట్టి, పడవ రెండూ ఆపివేస్తారు. ఏటి ఆవలి ఒడ్డునున్న ఆనెగొందికి, అక్కడినుంచి అంజనాద్రి కొండకు వెళ్ళదలచినవారు రోడ్డు మీద చుట్టు తిరిగి వెళ్ళడమే మార్గం.

ఇక్కడ నేల తడిసే వానలు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే కురుస్తాయి. అప్పుడు మతంగ పర్వతం మెట్లు జారుడుగా ఉంటాయి, నేలమట్టానికి దిగువనున్న శివాలయంలో నీళ్ళు నిలుస్తాయి. అయినా దసరా సెలవుల్లో వెళ్ళవద్దని నేను చెప్పలేను. విజయనగర రాజులు మహానవమి ఉత్సవాలు జరిపిన ఋతువు అదే; వారి కాలంలో తవ్విన కాలువల కింద వరి, అరటి తోటలు పచ్చగా కళకళలాడేదీ అప్పుడే. నన్నడిగితే సంక్రాంతి సెలవులు అన్నింటికన్నా అనుకూలం. తెల్లవారుజామున శాలువా కప్పుకొని హేమకూటం ఎక్కవచ్చు, పగలంతా అలసట లేకుండా నడవవచ్చు. రద్దీ ఎక్కువగా ఉంటుంది కనుక హొసపేటలో గది మాత్రం ముందే చూసుకోవాలి.

మీ పత్రిక జిల్లా పేజీలో ఆయకట్టు రైతుల కోసం తుంగభద్ర జలాశయం నీటిమట్టాన్ని, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో క్యూసెక్కులను ప్రతిరోజూ ప్రచురిస్తున్నారు. జులై మొదలు అక్టోబరు వరకు అవే అంకెలను, పుట్టి నడుస్తున్నదీ లేనిదీ తెలిపే ఒక్క వాక్యంతో కలిపి, శనివారం నాడు యాత్రల శీర్షిక కింద కూడా వేయవలసిందిగా కోరుతున్నాను. వేసవి వ్యాసాల్లోనైతే చూడవలసిన ప్రతి గుడి పేరు పక్కన, అక్కడికి ఏ పూట వెళ్ళాలో రాయించగలరు.

ఇట్లు,
మీ పాఠకుడు,
అనంతపురం జిల్లా